హేమావతి నుంచి లేపాక్షి దాకా: ఆగిన ఉలి మళ్ళీ ఎట్లా మోగింది?

బత్తలపల్లిలో బస్సెక్కి ధర్మవరం, పెనుకొండ మీదుగా హిందూపురం పోతే, అక్కడి నుంచి లేపాక్షి ఇంకో పద్నాలుగు, పదిహేను కిలోమీటర్లు. మనలో చాలామంది స్కూల్ టూర్‌లోనే చూసేసుంటాం. చూసి ఏం చేశాం? వేలాడే స్తంభం కింద టవల్ దూర్చాం, నంది ముందర ఫోటో దిగాం, వచ్చేశాం. ఈరోజు ఆ వేలాడే స్తంభాన్ని కాసేపు పక్కన పెట్టి, దాని చుట్టూ ఉన్న మిగతా స్తంభాల గురించి మాట్లాడుకుందాం. ఎందుకంటే వాటి దగ్గర ఒక పెద్ద ప్రశ్నకి జవాబుంది. ఒక ప్రాంతంలో చల్లబడిపోయిన శిల్పకళ మళ్ళీ ఎట్లా మొదలవుతుంది?

ముందు ఒక్కసారి యూరప్ పోయొద్దాం. 476లో పశ్చిమ రోమన్ సామ్రాజ్యం కూలిపోయింది. ఆ తర్వాత దాదాపు ఐదు వందల ఏళ్ళు అక్కడ పెద్ద రాతి శిల్పాలు చెక్కడం చాలావరకు ఆగిపోయింది. దంతం మీద, లోహం మీద చిన్న చిన్న పనులు నడిచాయి గానీ, రాతిలో నిలువెత్తు బొమ్మ చెక్కించే డబ్బు, నగరాలు లేవు. పైగా విగ్రహమంటే క్రైస్తవంలో ఒక భయం. మళ్ళీ 11వ శతాబ్దంలో రోమనెస్క్ అనే పద్ధతిలో రాతి చర్చిలు లేచాయి, వాటితోపాటే శిల్పం తిరిగొచ్చింది. కానీ వచ్చింది విడి విగ్రహంగా కాదు. స్తంభం తలమీద, గుమ్మం పైనుండే అర్ధచంద్రాకారపు పలక మీద వచ్చింది. ఫ్రాన్స్‌లో మొయిసాక్ మఠం వరండాలో అట్లాంటి స్తంభాల తలలు 76 ఉన్నాయి. అది 1100లో పూర్తయిందని అక్కడి శాసనమే చెబుతుంది.

ఎందుకు అక్కడే? యాత్రికులు నిలబడేది అక్కడే కాబట్టి. గోడలు కట్టే మేస్త్రీలే గుమ్మం దగ్గరికొచ్చేసరికి శిల్పులయ్యారు. ఈ మాట గుర్తు పెట్టుకోండి, లేపాక్షిలో మళ్ళీ పనికొస్తుంది.

ఇప్పుడు మన జిల్లాకి వద్దాం. మడకశిర దాటి అమరాపురం మండలంలో, కర్ణాటక బార్డర్ పక్కనే హేమావతి అని ఒక ఊరుంది. పాత పేరు హెంజేరు. 9, 10 శతాబ్దాల్లో నొళంబ రాజుల రాజధాని. సన్నటి రేణువులుండే నల్లరాయి మీద వాళ్ళు చెక్కించిన పని చూస్తే, లేత్ మిషన్ మీద తిప్పారేమో అనిపిస్తుంది. దొడ్డేశ్వర ఆలయం రాతి కిటికీల్లో తీగల మధ్య దేవతలు కనిపిస్తారు. సిద్ధేశ్వర ఆలయంలో శివుడు లింగంగా కాదు, కూర్చున్న మనిషి రూపంలో ఉంటాడు.

మరి ఏమైంది? రాజ్యం పోయింది. గంగరాజు మారసింహుడు నొళంబుల్ని ఓడించి, ‘నొళంబకులాంతక’ అని బిరుదు కూడా తగిలించుకున్నాడు. అంటే నొళంబ వంశానికి యముడు అన్నమాట. ఆ తర్వాత చోళులు వచ్చారు. తంజావూరు దగ్గర తిరువైయారు గుడిలో నొళంబ స్తంభాలు పదుల కొద్దీ ఉన్నాయి. చోళులు ఇక్కడి నుంచి మోసుకుపోయి అక్కడ నిలబెట్టుకున్నారని చరిత్రకారులు చెబుతారు. బంగారం దోచుకుపోవడం విన్నాం గానీ, స్తంభాలు దోచుకుపోవడం ఏంది స్వామీ! అంత దూరం, అంత బరువు మోయించారంటే ఆ పని ఎంత నచ్చిందో చూడండి. మిగిలిన వాటిలో కొన్ని ఇప్పుడు చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలో ఉన్నాయి.

ఆ తర్వాత ఇక్కడ గుళ్ళే కట్టలేదని కాదు. పక్కన హొయసలులు కర్ణాటకలో మెత్తటి రాయి మీద అద్భుతాలు చేశారు. కానీ మన వైపు అంత పెద్ద పని మళ్ళీ కనబడాలంటే 1530ల దాకా ఆగాలి.

విజయనగరం వాళ్ళు కూడా మొదటి రోజే లేపాక్షి కట్టలేదు. హంపిలో హేమకూటం మీదున్న పాత గుళ్ళు చూడండి, సాదా గోడలు, సాదా స్తంభాలు. 15వ శతాబ్దం మొదట్లో మొదటి దేవరాయల కాలంలో హజారరామాలయం గోడల మీద రామాయణమంతా చెక్కారు. అదే సమయంలో తమిళ దేశపు పద్ధతిలో గట్టి గ్రానైట్ పని ఊపందుకుంది. గ్రానైట్‌తో ఇబ్బంది తెలుసు కదా, ఉలికి అంత సులభంగా లొంగదు. హొయసల నగల్లాంటి నగిషీ అందులో కష్టం. అందుకే బొమ్మ పెద్దదైంది, ఒంపు పెద్దదైంది, స్తంభంలోంచి బయటికి దూకింది. నా దృష్టిలో ఇది లోటు కాదు, లేపాక్షి బలం అదే.

అచ్యుతదేవరాయల కాలంలో పెనుకొండలో అధికారిగా ఉన్న విరూపణ్ణ, ఆయన తమ్ముడు వీరణ్ణ కూర్మశైలం గుట్ట మీద వీరభద్రాలయం పెంచి కట్టించారు. గర్భగుడి చిన్నది. జనం నిలబడేది మండపంలో. ఉత్సవం, ఆట, పాట అన్నీ అక్కడే. కాబట్టి శిల్పం కూడా అక్కడికే, మన కంటి ఎత్తుకి వచ్చింది. ఫ్రాన్స్‌లో గుమ్మం ఎట్లానో, మనకి మండపం అట్లా. నాట్య మండపం మధ్యలో రంభ ఆడుతుంటే, చుట్టూ స్తంభాల మీద బ్రహ్మ మద్దెల వాయిస్తాడు, తుంబురుడు వీణ పట్టుకుంటాడు, మూడు కాళ్ళ భృంగి అడుగులు నేర్పిస్తాడు. నువ్వు మధ్యలో నిలబడితే కచేరీలో నిలబడినట్టే. పక్కన లతామండపంలో ఒక్కో స్తంభానికి ఒక్కో డిజైన్. ధర్మవరం చీర బోర్డర్లలోకి దిగినవి ఈ గుడి డిజైన్లే.

ఇంత చేసినవాళ్ళ పేర్లేవీ? మనకి విరూపణ్ణ పేరు తెలుసు, ఖజానా వాడుకున్నాడన్న నింద పడితే కళ్ళు పీకి గోడకి కొట్టాడన్న కథ కూడా తెలుసు. అది కథే, శాసనం కాదు. శిల్పుల గురించి జనం చెప్పుకునేది ఇంకో కథ. అమ్మ అన్నం వండేలోపు నాగలింగం చెక్కేశారంట! వినడానికి బాగుంది గానీ, నాకైతే కొంచెం కోపం వస్తుంది. ఎన్నాళ్ళ చెమటో అది, దాన్ని లంచ్ బ్రేక్‌కి కుదించేశాం.

ఫ్రాన్స్‌లో ఓతున్ చర్చి గుమ్మం మీద, క్రీస్తు పాదాల కింద ‘గిస్లెబెర్తుస్ దీన్ని చేశాడు’ అని లాటిన్‌లో ఉంది. ఆయన శిల్పా, చేయించినవాడా అని ఇంకా గొడవే. అది 1130 ప్రాంతపు పని. 1766లో ఆ చర్చి వాళ్ళకే అది మొరటుగా కనిపించి సున్నంతో పూసేశారు. తర్వాత ఫ్రెంచి విప్లవంలో చర్చి బొమ్మలు పగలగొడుతుంటే, సున్నం కింద దాక్కుని ఇది బతికిపోయింది! 1837లో ఆ పూత తీశారు.

మన దగ్గర సున్నం గొడవ లేదు, గీతల గొడవ ఉంది. శిల్పి పేరు లేని గుళ్ళలో, స్తంభాల మీద లవ్ సింబల్ గీసి పక్కన రెండు పేర్లు రాసిపోయేవాళ్ళని మీరూ చూసే ఉంటారు.

ఇంకో మాట. 2022లో లేపాక్షి గుడి, నంది యునెస్కో తాత్కాలిక జాబితాలోకి ఎక్కాయి. అందుకే వీలైతే ఈసారి ముందు హేమావతి పోండి, తర్వాత లేపాక్షి. ఉదయం ఎండ ఏటవాలుగా పడే టైమ్‌లో వెళ్తే రాతి మీది గీత గీతా లేస్తుంది. మధ్యాహ్నం పోతే అంతా ఒకటే బూడిద రంగు. హేమావతిలో కిటికీల ముందు ఆగండి, లేపాక్షిలో పైకప్పు పడని కల్యాణ మండపంలో కూర్చోండి. ఆ స్తంభాల మీద పార్వతీ కల్యాణానికి వచ్చిన దేవతలు, మునులు ఇప్పటికీ ఎండలోనే నిలబడి ఉన్నారు.