226 కిలోమీటర్లు ఎవరు డిసైడ్ చేశారు? ఐరన్‌మ్యాన్ కథ, మన బావుల కథ

ఈ రోజు టాపిక్ ట్రయథ్లాన్. అంటే ఒకే రోజు, ఒకదాని వెంట ఒకటి, ఈత, సైకిల్, పరుగు. మధ్యలో రెస్ట్ ఉండదు. తడి బట్టలు మార్చుకుని షూ లేసులు కట్టుకునే టైమ్ కూడా రేసు టైమ్‌లోనే లెక్క. ఇందులో లాంగ్ డిస్టెన్స్ అనగానే అందరికీ గుర్తొచ్చే పేరు ఐరన్‌మ్యాన్. 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిల్, ఆ తర్వాత 42.2 కిలోమీటర్ల పరుగు. మొత్తం 226.

మన తిరుపతి లెక్కలో చెప్తా. పొద్దున్నే దాదాపు నాలుగు కిలోమీటర్లు ఈదాలి. సైకిలెక్కి చిత్తూరు పోయి తిరిగి రావాలి. అది చాలదు, ఇంకో నలభై కిలోమీటర్లు తొక్కాలి. అప్పుడు సైకిల్ పక్కన పెట్టి శ్రీకాళహస్తి దాకా పరిగెత్తాలి. గుడి గోపురం కనిపించినా ఇంకా కొంచెం దూరం మిగిలే ఉంటుంది. ఇదంతా 17 గంటల్లో.

నేను బీటెక్ బ్యాచ్ కాబట్టి నాకు వచ్చిన ఫస్ట్ డౌట్ ఇది: ఈ నంబర్లు ఎవరిచ్చారు? 3.8 ఎందుకు, 4 ఎందుకు కాదు? ఎవరో సైంటిస్టు ల్యాబ్‌లో కూర్చుని మనిషి శరీరం లిమిట్ ఇంత అని లెక్కగట్టి ఉంటాడని అనుకున్నా. అసలు కథ అట్లా లేదు. చదివితే నవ్వొస్తుంది.

1977లో అమెరికాలోని హవాయి దీవుల్లో, ఓహూ అనే దీవి మీద ఒక రిలే పరుగు పందెం జరిగింది. ప్రైజులు ఇచ్చే ఫంక్షన్‌లో మాటామాటా పెరిగింది. ఎవరు ఎక్కువ ఫిట్, పరిగెత్తేవాళ్ళా, ఈదేవాళ్ళా? మన దగ్గర టీకొట్టు దగ్గర ధోనీయా కోహ్లీయా అని కొట్టుకుంటారే, అదే టైపు. అక్కడ జాన్ కాలిన్స్ అనే నేవీ ఆఫీసర్ ఉన్నాడు. బెల్జియం సైక్లిస్టు ఎడ్డీ మెర్క్స్ శరీరం ఆక్సిజన్ వాడుకునే కెపాసిటీ అందరికన్నా ఎక్కువని ఒక పత్రికలో వచ్చింది కదా, మరి సైకిల్ తొక్కేవాళ్ళ సంగతేంటి అని ఆయన మూడో పార్టీని కూడా గొడవలోకి లాగాడు. కాలిన్స్‌కి, ఆయన భార్య జూడీకి ఈ మూడూ కలిపి ఆడటం కొత్త కాదు. 1974 సెప్టెంబర్ 25న శాన్ డియాగోలో మిషన్ బే ట్రయథ్లాన్ అని 46 మందితో ఒక చిన్న రేసు జరిగితే అందులో పాల్గొన్నవాళ్ళు.

సరే, గొడవ తేలాలంటే ఏం చేయాలి? ఆ దీవి మీద అప్పటికే మూడు వేరువేరు పోటీలు ఉన్నాయి. వైకీకీ బీచ్‌లో 2.4 మైళ్ళ సముద్రపు ఈత. దీవి చుట్టూ 115 మైళ్ళ సైకిల్ రైడ్, అది మామూలుగా రెండు రోజులు తొక్కేది. ఇంకోటి హోనొలులు మారథాన్. కాలిన్స్ మూడింటినీ దారంతో పూలు గుచ్చినట్టు గుచ్చేశాడు. సైకిల్ రూట్‌లో 3 మైళ్ళు తగ్గిస్తే, ఈత అయిపోయిన చోట సైకిల్ మొదలై, మారథాన్ మొదలయ్యే చోట ఆగుతుంది. అందుకని 115 కాస్తా 112 అయింది. 112 మైళ్ళంటే 180 కిలోమీటర్లు. అంతే! ఇప్పుడు ప్రపంచం మొత్తం లక్షలు పోసి కొన్న సైకిళ్ళ మీద తొక్కే 180 కిలోమీటర్ల వెనక ఉన్న రహస్యం, రూట్ అడ్జస్ట్‌మెంట్.

(మారథాన్ 42.195 కూడా ఇట్లాంటిదే. 1908 లండన్ ఒలింపిక్స్‌లో రాజభవనం దగ్గర మొదలై, స్టేడియంలో రాజకుటుంబం కూర్చున్న చోటికి ముందు ఆగేలా గీసిన రూట్ అది. ఆ కథకి ఇంకో ఎపిసోడ్ కావాలి.)

1978 ఫిబ్రవరి 18. మొట్టమొదటి రేసు. 15 మంది స్టార్ట్ చేశారు, 12 మంది ఫినిష్ చేశారు. నాకు ఈ రేసు మీద ఉన్న ఇష్టం ఇప్పటి పెద్ద పెద్ద ఛాంపియన్‌షిప్‌ల మీద లేదు. కారణం సింపుల్. ఆ పొద్దున నీళ్ళ దగ్గర నిలబడిన 15 మందీ ఫస్ట్ టైమర్లే. అంతకుముందు ఆ దూరం చేసినవాడు భూమ్మీద ఒక్కడు కూడా లేడు, పోయి అడగడానికి. ఎంత తినాలి, ఎన్ని నీళ్ళు తాగాలి, 180 తొక్కిన కాళ్ళు పరిగెత్తడానికి ఒప్పుకుంటాయా లేదా, ఏదీ తెలీదు. ఇప్పుడు మనకున్న జెల్ ప్యాకెట్లు లేవు, జీపీఎస్ వాచీలు లేవు. దారిలో నీళ్ళిచ్చే స్టాళ్ళు లేవు, ఎవరి హెల్పర్లని వాళ్ళే తెచ్చుకోవాలి.

దాని ఫలితం రెండో స్థానంలో వచ్చిన జాన్ డన్‌బార్ చూశాడు. నేవీ సీల్ కమాండో, సైకిల్ దిగేటప్పటికి అందరికన్నా ముందున్నాడు. మారథాన్‌లో ఆయన హెల్పర్ల దగ్గర నీళ్ళు అయిపోయాయి. ఏముంది ఇంక? బీర్ ఇచ్చారు. తాగి పరిగెత్తాడు. గోర్డన్ హాలర్ అనే ఆయన దాటేసి 11 గంటల 46 నిమిషాల 58 సెకన్లలో ఫస్ట్ వచ్చాడు. డన్‌బార్ 12 గంటల 20 నిమిషాలకి చేరాడు. గొడవ మొదలుపెట్టిన కాలిన్స్ కూడా ఊరికే కూర్చోలేదు, తనూ దిగి దాదాపు 17 గంటలకి పూర్తి చేశాడు. ఫస్ట్ వచ్చినవాడిని ఐరన్ మ్యాన్ అని పిలుద్దాం అని ఆయన అన్న మాటే రేసు పేరైపోయింది.

తర్వాతి ఏడాది లిన్ లెమేర్ అనే ఆవిడ దిగింది, మొదటి మహిళ. మొత్తం మీద ఐదో స్థానం. 1981లో రేసు కోనా అనే ఊరికి మారింది. 1982 ఫిబ్రవరిలో జూలీ మాస్ అనే కాలేజీ స్టూడెంట్, తన చదువులో రీసెర్చ్ కోసం అని పేరిచ్చి, మహిళల్లో అందరికన్నా ముందు వచ్చేసింది. ఫినిష్ లైన్ కళ్ళ ముందే ఉంది. కాళ్ళు పనిచేయలేదు. పడింది, లేచింది, మళ్ళీ పడింది. ఆఖరి కొన్ని గజాలు పాకుతా వస్తుంటే వెనక నుంచి క్యాథ్లీన్ మెకార్ట్‌నీ దాటేసింది. 29 సెకన్ల తేడా. అదంతా టీవీలో చూసిన జనానికి గెలిచినావిడ పేరు గుర్తు లేదు, పాకినావిడ గుర్తుంది. ఆ వీడియో చూసి ట్రయథ్లాన్‌లోకి వచ్చామని చెప్పేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. 2000 సిడ్నీలో ఒలింపిక్స్‌లోకి కూడా ఎక్కింది, కాకపోతే అక్కడ దూరాలు బాగా చిన్నవి.

మన దేశానికి ఐరన్‌మ్యాన్ బ్రాండ్ రేసు రావడానికి 2019 అక్టోబర్ దాకా పట్టింది. గోవాలో, మిరామార్ బీచ్‌లో. అది కూడా సగం దూరమే: 1.9 ఈత, 90 సైకిల్, 21.1 పరుగు. మైళ్ళలో కూడితే 70.3, అందుకే దాని పేరు 70.3. అంతకు చాలా ముందే విదేశాలకి పోయి పూర్తి దూరం చేసిన మనవాళ్ళున్నారు. మనకి పక్కనే ఉన్న బెంగళూరు నుంచి అను వైద్యనాథన్, ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్‌లో పీహెచ్‌డీ, 2009లో కెనడాలో అల్ట్రామ్యాన్ పూర్తి చేసింది. మూడు రోజుల్లో 10 కిలోమీటర్ల ఈత, 420 సైకిల్, 84 పరుగు. ఆమె పేరు మన ఇంజినీరింగ్ కాలేజీల్లో ఎంత మందికి తెలుసు?

ఇప్పుడు మన సీమకి వద్దాం. నేను ఈ ఎపిసోడ్ చేసిందే దీనికోసం.

కాలిన్స్ తన దీవిలో ఏముందో దాంతో రేసు కట్టాడు. మన దగ్గర ఏముంది? పరుగుకి, ఎక్కడానికి లోటు లేదు. 1944లో మొదటి ఘాట్ రోడ్డు వచ్చేదాకా తిరుమల కొండకి నడక, లేకపోతే డోలీ. అలిపిరి దారిలో 3550 మెట్లు, శ్రీవారి మెట్టులో 2388. మోకాళ్ళ పర్వతం దగ్గర డెబ్బై ఏళ్ళ అవ్వ గోవిందా అంటా మనల్ని దాటి పోతుంది, మన ఫిట్‌నెస్ బ్యాండ్ ఏమో హార్ట్ రేట్ ఎక్కువైందని మొత్తుకుంటా ఉంటుంది. (ఒక మాట. అది భక్తుల దారి. స్టాప్ వాచ్ పెట్టుకుని జనాన్ని తోసుకుంటా పరిగెత్తేవాళ్ళని చూస్తే నాకు చిరాకు.) సైకిల్ అంటారా, నలభై లీటర్ల పాల క్యాన్లు రెండు వైపులా కట్టుకుని, గేర్లు లేని సైకిల్ మీద తెల్లారకముందే డెయిరీకి చేరే మనుషుల్ని చూసి పెరిగిన జిల్లా మనది.

లేనిది నీళ్ళు. అదీ మొదటి నుంచీ లేక కాదు. ఉండి, పోయింది.

మాది పెనుమూరు పక్కన చిన్న పల్లె. మా తాత కపిల తోలిన బావి ఉంది, మెట్లు దిగి పోయే పెద్ద బావి. తాత అందులోనే ఈత నేర్చుకున్నాడు, నాయన కూడా. నడుముకి ఎండు సొరకాయ బుర్ర కట్టి తోసేస్తే వారానికి ఈత వచ్చేసేదంట. కోచింగ్ ఫీజు లేదు. పల్లెల్లో పుట్టిన ఆ తరం మగపిల్లల్లో ఈత రానివాడిని వెతుక్కోవాలి. (ఆడపిల్లల్ని చాలా ఊళ్ళలో బావిలో దిగనిచ్చేవాళ్ళు కాదు, అది కూడా చెప్పుకోవాలి.) తర్వాత బోర్లు వచ్చాయి. రెండు వందల అడుగులు, ఐదు వందలు, వెయ్యి. ఒకరి బోరు లోతుకి పోయే కొద్దీ పక్కోడి బావి ఎండింది. నేను పుట్టేటప్పటికి మా బావి అడుగున ముళ్ళకంప, ఖాళీ సీసాలు. చిత్తూరు జిల్లాలో నా వయసు వాళ్ళకి ఈత రాకపోవడానికి సోమరితనం కారణం కాదు, భూగర్భ జలం కారణం. బోర్ల వల్ల పంటకి ఏమైందో అందరం మాట్లాడతాం, ఈతకి ఏమైందో ఎవరూ మాట్లాడరు.

2021 నవంబర్ వానలు గుర్తున్నాయా? తిరుపతి వీధుల్లో కార్లు తేలాయి. రామచంద్రాపురం దగ్గర రాయలచెరువు కట్ట తెగుతుందేమో అని ఊళ్ళు ఖాళీ చేయించారు. ఆ వానలకి మా బావిలో నీళ్ళు పైకి వచ్చేశాయి. నేను వర్క్ ఫ్రమ్ హోమ్‌లో ఊర్లోనే ఉన్నా. నాయన ఒక మధ్యాహ్నం చొక్కా విప్పి గట్టు మీద పెట్టి, ఒక్క మాట కూడా చెప్పకుండా దూకేశాడు. ఆయన నీళ్ళలో దిగి అప్పటికి పాతికేళ్ళు. ఏమీ మర్చిపోలేదు. వెల్లకిలా పడుకుని, "రారా అబ్బోడా" అన్నాడు. నేను గట్టు మీద ఫోన్ పట్టుకుని వీడియో తీస్తా ఉన్నా.

ఆ తర్వాతి నెల స్విమ్మింగ్ పూల్‌లో చేరా. నా పక్కన నేర్చుకునేవాళ్ళకి ఏడేళ్ళు, ఎనిమిదేళ్ళు. 25 మీటర్ల పూల్‌లో 1.9 కిలోమీటర్లంటే 76 సార్లు ఇటూ అటూ. ఆపకుండా అంత ఈదడానికి నాకు ఏడాదిన్నర పట్టింది. గోవా రేసు నేను చేసింది ఆ తర్వాతే. ఈతకి ఇచ్చే టైమ్ గంటా పది నిమిషాలు, దాటితే సైకిల్ ముట్టుకోనివ్వరు. సముద్రంలో అడుగు కనపడదు, గీతలు ఉండవు, పక్కోడి కాలు మన మొహం మీద పడుతుంది. నేను 61 నిమిషాలకి బయటికొచ్చా. సైకిల్, పరుగు మామూలు కష్టం, వాటి గురించి పెద్దగా చెప్పేదేం లేదు.

ఈత గురించి ఇంత సాగదీస్తున్నానంటే కారణం ఉంది. అమెరికాలో 1985 నుంచి 2016 దాకా ట్రయథ్లాన్ రేసుల్లో జరిగిన మరణాలు, గుండె ఆగిన కేసులు డాక్టర్లు లెక్క తీస్తే 135 వచ్చాయి. అందులో 90 ఈతలోనే. మూడింట్లో అన్నిటికన్నా తక్కువ సేపు ఉండేది ఈత, మూడింట్లో రెండు వంతుల ప్రమాదం అక్కడే. కాబట్టి నాకు పరుగు వచ్చు, సైకిల్ వచ్చు, ఈత ఎట్లాగో నెట్టుకొస్తా అని ఎంట్రీ ఫీజు కట్టేవాళ్ళని చూస్తే నాకు భయమేస్తుంది.

లేట్ అయిపోయిందేమో అనుకునేవాళ్ళకి ఒక పేరు చెప్తా: గోలి శ్యామల. హైదరాబాద్‌లో ఉంటారు. నీళ్ళంటే భయం పోవాలని నలభై దాటాక ఈత నేర్చుకున్నారు. 2021 మార్చిలో శ్రీలంకకి, మనకి మధ్య ఉన్న పాక్ జలసంధిని, దాదాపు 30 కిలోమీటర్లు, 13 గంటల 43 నిమిషాల్లో ఈదేశారు. ఐరన్‌మ్యాన్ ఈత కంటే అది ఎన్ని రెట్లో మీరే లెక్కేసుకోండి.

ప్రాక్టికల్‌గా చెప్పాలంటే, రేసు ఏడాదిన్నర తర్వాత పెట్టుకోండి, పూల్‌లో ఈ వారమే చేరండి. చెరువుకో డ్యామ్‌కో ఒక్కరే పోవద్దు. ప్రతి ఎండాకాలం క్వారీ గుంటల్లో పిల్లలు పోయిన వార్తలు మన జిల్లా పేజీల్లో చూస్తూనే ఉన్నాం. పూల్‌లో కిలోమీటరు ఆపకుండా వచ్చాకే, తెలిసిన కోచ్‌తో, నడుముకి తేలే బుడగ కట్టుకుని సముద్రంలో దిగండి. ఆ బుడగ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, ఆరెంజ్ కలర్‌లో. నేను కొని ఇంటికి తెస్తే నాయన చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "సొరకాయ బుర్రే కదరా ఇది, దీనికెంత పెట్టినావు?" అన్నాడు.

నెక్స్ట్ ఎపిసోడ్ తాళ్ళపాక నుంచి తిరుమలకి ఉన్న అన్నమయ్య కాలిబాట మీద. ఉంటా మరి.