జైలుకెళ్తే బాకీ తీరిపోతుందా? పిల్లల మనోవర్తి వసూలు కథ

"నేను పైసా కట్టను, కావాలంటే జైలుకెళ్తా." మనోవర్తి కేసుల్లో కొందరు తండ్రులు అనే మాట ఇది. మరి లోపలికెళ్లొస్తే బాకీ రద్దవుతుందా? జవాబు కోసం కాస్త వెనక్కి వెళ్దాం.

1872 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌ను తెచ్చింది జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్ అనే బ్రిటిష్ న్యాయవేత్త. భార్యాపిల్లల తిండి ఖర్చుకి క్రిమినల్ చట్టంలో ఏం పని? దిక్కులేనివాళ్లు రోడ్డున పడకుండా చూడటానికి అన్నాడాయన. అంటే అప్పటి ఆలోచన పిల్లల హక్కు గురించి కాదు.

ఆ చూపు అంకెల్లోనూ కనిపిస్తుంది. 1898 కోడ్‌లో 488వ సెక్షన్ కింద నెలకు 50 రూపాయలే గరిష్ఠం. 1923లో 100, 1955లో 500 చేశారు. 1973లో అది 125వ సెక్షన్ అయింది కానీ, కేంద్ర చట్టంలో ఆ 500 మాత్రం 2001 దాకా కదల్లేదు. అప్పుడు పరిమితి ఎత్తేశారు. 2024 జులై 1 నుంచి ఇదే భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144వ సెక్షన్.

సరే, ఆర్డర్ వచ్చింది, డబ్బు రాలేదు. అప్పుడేంటి? మేజిస్ట్రేట్ వారంట్ ఇస్తారు. జరిమానా వసూలు చేసినట్టే ఆస్తి జప్తు చేయొచ్చు. అయినా బాకీ మిగిలితే, కట్టని ప్రతి నెలకూ గరిష్ఠంగా నెల జైలు. మధ్యలో కట్టేస్తే బయటికి రావచ్చు. ఒక మెలిక ఉంది: బాకీ పడిన ఏడాదిలోపే దరఖాస్తు పెట్టాలి. ఆలస్యమైతే ఆ సొమ్ముకి ఈ వారంట్ దారి మూసుకుపోతుంది.

ఇప్పుడు మొదటి ప్రశ్న. 1980ల చివర్లో కుల్దీప్ కౌర్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది: జైలు అనేది కట్టించడానికి ఒక మార్గమే, కట్టినట్టు రసీదు కాదు. బయటికొచ్చాక కూడా బాకీ బాకీయే.

2020లో రజనీష్ వర్సెస్ నేహా తీర్పు ఇంకో అడుగు వేసింది. ఇద్దరూ ఆదాయం, ఆస్తుల అఫిడవిట్ ఇవ్వాలి. మనోవర్తి దరఖాస్తు పెట్టిన తేదీ నుంచే లెక్క. సివిల్ డిక్రీలా కూడా అమలు చేయించుకోవచ్చు.

ఇన్ని మారినా ఒకటి మారలేదు. కట్టనివాడి వెంట పడాల్సింది ఇప్పటికీ ఆ తల్లే. వాయిదా వాయిదాకీ కోర్టు మెట్లెక్కాలి. స్కూల్ ఫీజు మాత్రం వాయిదా వేసుకోదు కదా. అందుకే, మీకు తెలిసినవాళ్లెవరైనా ఈ పరిస్థితిలో ఉంటే ఆ ఏడాది గడువు సంగతి ఈరోజే చెప్పండి.