36 ఏళ్ళ ఖిలాడీ



2004 ఎండాకాలం చివర్లో మా ఇంట్లో రోజూ ఒకటే బహస్. ఏథెన్స్ ఒలింపిక్స్‌కి వెళ్ళే హాకీ జట్టులో ధన్‌రాజ్ పిళ్ళై ఉండాలా, వద్దా? మా మామూకి ధన్‌రాజ్ అంటే జాన్. "దుల్హే భాయ్, శేర్ బూఢా అయినా శేరే కదా!" అని అబ్బాతో వాదించేవాడు. అబ్బా చాయ్ కప్పు కింద పెట్టి, "శేర్‌ని తీసుకెళ్ళి పింజ్రాలో కూర్చోబెడతారు. అంతకన్నా జంగల్‌లో వదిలేయడం నయం" అనేవాడు.

నాకు అబ్బా మాట అర్థమయ్యేది కాదు. ధ్యాన్‌చంద్ పేరు వింటే చాలు లేచి కూర్చునే మనిషి. 1975 వరల్డ్ కప్ ఫైనల్ రేడియోలో విన్న ముచ్చట వందసార్లు చెప్పిన మనిషి. అలాంటాయన ఒక బుజుర్గ్ ఖిలాడీకి వ్యతిరేకంగా ఎందుకు మాట్లాడుతున్నాడో నాకు అంతు చిక్కేది కాదు. ఆ జవాబు దొరకడానికి చాలా ఏళ్ళు పట్టింది. అది తర్వాత చెప్తాను. ముందు కాస్త తారీఖ్ తిరగేద్దాం. ఈ సవాల్ ధన్‌రాజ్‌తో మొదలైంది కాదు, ఆయనతో ఆగిపోలేదు.

ధ్యాన్‌చంద్ 1905లో పుట్టాడు. ఆమ్‌స్టర్‌డామ్ 1928, లాస్ ఏంజెలిస్ 1932, బెర్లిన్ 1936, ఈ మూడు ఒలింపిక్స్‌లోనూ సోనా పతకం. బెర్లిన్‌లో కెప్టెన్ కూడా ఆయనే. ఆ తర్వాత రెండో ప్రపంచ యుద్ధం వచ్చి పన్నెండేళ్ళు ఒలింపిక్స్ లేకుండా చేసింది. 1947 వచ్చేసరికి ఆయనకు 42 ఏళ్ళు. అప్పుడు తూర్పు ఆఫ్రికా నుంచి ఇండియన్ హాకీ ఫెడరేషన్‌కి దావత్ వచ్చింది. జట్టుని పంపండి అని, దానికి ఒక షరతు. ధ్యాన్‌చంద్ ఉండాల్సిందే!

ఆలోచించండి, అది ఏ సాలో. ముల్క్ రెండు ముక్కలై నాలుగు నెలలు కూడా కాలేదు. పంజాబ్ రక్తంలో తడిసి ఉంది. నిన్నటిదాకా ఒకే జట్టులో ఆడినవాళ్ళు సరహద్ అవతల ఒకరు, ఇవతల ఒకరు. అలాంటి రోజుల్లో ధ్యాన్‌చంద్ కెప్టెన్‌గా జట్టు బొంబాయిలో పోగై, డిసెంబర్‌లో మొంబాసాలో దిగింది. ఆ దౌరాలో 22 మ్యాచ్‌ల్లో ఆయన కొట్టిన గోల్స్ 61. నలభై దాటిన మనిషి!

ఇక్కడ చాలామంది కథ ఆపేస్తారు. "చూశారా, ఉస్తాద్ ఎప్పటికీ ఉస్తాదే" అని తాళం వేస్తారు. అసలు సబక్ దీని తర్వాత ఉంది. అంత బాగా ఆడి వచ్చిన మనిషి ముందు 1948 లండన్ ఒలింపిక్స్ ఉన్నాయి. అయినా ఆయన వెళ్ళలేదు. తనే మెల్లగా ఆటనుంచి తప్పుకున్నాడు. ఒలింపిక్ జట్టు తయారీ కోసం ఎగ్జిబిషన్ మ్యాచ్ ఆడితే, ఎదుటి జట్టుకి నాయకత్వం వహించాడు. కుర్రాళ్ళు 2-1తో గెలిచారు. ఓడిన జట్టు తరఫున ఆ ఒక్క గోల్ కొట్టింది ఎవరనుకున్నారు? ధ్యాన్‌చందే.

నాకు ఆయన తారీఖ్‌లో ఎక్కువ ఇష్టమైన గోల్ అది. తర్వాతి తరం కాళ్ళలో ఎంత దమ్ముందో తన చేత్తో తూచి చూసి, సరే, వెళ్ళిరండి అని పంపినట్టు ఉంటుంది. ఆ కుర్రాళ్ళు లండన్ వెళ్ళి ఫైనల్లో బ్రిటన్‌ని 4-0తో ఓడించారు. ఆజాదీ వచ్చిన ఏడాదికే, నిన్నటి హాకిమ్ ఇంట్లోనే! ధ్యాన్‌చంద్ చివరి మ్యాచ్ బెంగాల్ జట్టు మీద. అది డ్రా అయింది. బెంగాల్ హాకీ అసోసియేషన్ సభ పెట్టి ఇజ్జత్‌తో సాగనంపింది. రుఖ్సత్ అంటే అలా ఉండాలి.

అదే 1948లో సరహద్ అవతల ఫైస్లా వేరుగా జరిగింది. పాకిస్తాన్ తొలిసారి ఒలింపిక్స్‌కి పంపిన హాకీ జట్టుకి కెప్టెన్ అలీ ఇక్తిదార్ షా దారా. ఈ పేరు గుర్తుంచుకోండి. 1936లో బెర్లిన్ చేరిన మన జట్టు ప్రాక్టీస్ మ్యాచ్‌లో జర్మనీ చేతిలో 4-1తో ఓడింది. అందరికీ నిద్ర పట్టలేదు. దారాని పంపండి అని హిందుస్తాన్‌కి కబురు వెళ్ళింది. ఆయన సెమీఫైనల్ వేళకు అందుకున్నాడు, ఫైనల్లో రెండు గోల్స్ కొట్టాడు. అదే జర్మనీని 8-1తో ఓడించాం. తేదీ ఆగస్టు 15. ఆ తేదీకి మరో మాయనా రావడానికి ఇంకా పదకొండేళ్ళు ఉంది!

పన్నెండేళ్ళ తర్వాత అదే దారా, 33 ఏళ్ళ వయసులో, కొత్త ముల్క్ జెండా కింద నిలబడ్డాడు. పాకిస్తాన్ నాలుగో స్థానంలో ఆగింది. ఓడారని ఆ ఫైస్లా గలత్ అనగలమా? నేను అనను. కొత్త ముల్క్‌కి ఒలింపిక్ మైదాన్ చూసిన కళ్ళు కావాలి. దారా దగ్గర ఆ కళ్ళున్నాయి. తజుర్బా కోసం పిలిచారు, తజుర్బా ఇచ్చాడు. అదే లండన్‌లో మన జట్టు తరఫున సోనా గెలిచిన అఖ్తర్ హుసేన్, లతీఫుర్ రహమాన్ ఆ తర్వాత పాకిస్తాన్ వెళ్ళి, 1956లో ఆ జట్టుకి చాందీ తెచ్చారు. ఒకే ఖిలాడీ, రెండు ముల్కులు, రెండు పతకాలు. ఆ తరం బతుకే అంత.

ఇక రోమ్, 1960. 1928 నుంచి ఒలింపిక్ హాకీలో ఒక్క మ్యాచ్ కూడా ఓడని జట్టు మనది. కెప్టెన్ లెస్లీ క్లాడియస్, 33 ఏళ్ళు, నాలుగో ఒలింపిక్స్. అప్పటికే మూడు సోనా పతకాలు. ఫైనల్లో పాకిస్తాన్ నసీర్ బుందా గోల్‌తో 1-0తో గెలిచింది. 32 ఏళ్ళ బాద్‌షాహత్ ఒక్క గోల్‌తో పోయింది. ఇలాంటి ఓటమి తర్వాత ఏం జరుగుతుందో మన ఇళ్ళల్లో కూడా చూస్తుంటాం. వేలు ముందుగా బుజుర్గుల వైపు లేస్తుంది.

కానీ 1964లో టోక్యోకి జట్టుని ఎంచినప్పుడు పాతవాళ్ళందరినీ ఊడ్చిపారేయలేదు. రోమ్‌లో ఓడిన జట్టులో ఉన్న ఉధమ్ సింగ్‌ని మళ్ళీ తీసుకున్నారు. ఆయనకు అప్పుడు 36 ఏళ్ళు! గోల్‌కీపర్ శంకర్ లక్ష్మణ్‌కి అది మూడో ఒలింపిక్స్. వాళ్ళ పక్కన హర్బిందర్ సింగ్ లాంటి ఇరవై ఒక్కేళ్ళ కుర్రాళ్ళు. ఫైనల్లో మళ్ళీ పాకిస్తాన్. మొహిందర్ లాల్ గోల్‌తో ఈసారి 1-0 మనది. నాలుగు ఒలింపిక్స్, మూడు సోనా, ఒక చాందీ, ఉధమ్ సింగ్ ఖాతా అలా ముగిసింది.

అంటే 33 ఏళ్ళకు ఓడినవాళ్ళున్నారు, 36 ఏళ్ళకు గెలిచినవాళ్ళున్నారు. వయసు ఒక్కదాన్ని తరాజూలో వేస్తే ముల్లు ఎటూ ఆగదు. మరి దేన్ని చూడాలి?

ఇక్కడ ఆట దస్తూర్ కూడా చెప్పాలి. ధ్యాన్‌చంద్ జమానాలో దిగిన పదకొండు మందీ 70 నిమిషాలూ ఆడాల్సిందే. మధ్యలో ఒకరి బదులు ఇంకొకరు రావడం లేదు. కాబట్టి పెద్ద వయసు ఖిలాడీని తీసుకోవడమంటే జట్టంతా ఆయన బరువు మోయడానికి సిద్ధపడటం. తర్వాత సబ్‌స్టిట్యూట్‌లు వచ్చారు. 1975 సెమీఫైనల్లో మలేసియా మీద మనం వెనకబడి ఉన్నప్పుడు, బెంచీ మీద నుంచి లేచి వచ్చి, మెడలోని తావీజ్‌ని ముద్దుపెట్టుకుని పెనాల్టీ కార్నర్ కొట్టిన అస్లమ్ షేర్ ఖాన్ అలాంటి సబ్‌స్టిట్యూటే. బెర్లిన్‌లో ధ్యాన్‌చంద్‌తో కలిసి ఆడిన అహ్మద్ షేర్ ఖాన్ బేటా ఆయన. ఫైనల్లో పాకిస్తాన్ మీద గెలుపు గోల్ కొట్టిన అశోక్ కుమార్ ధ్యాన్‌చంద్ బేటా. అబ్బా రేడియో కథ ఇదే. ఈ రెండు పేర్లు చెప్పేటప్పుడు ఆయన గొంతు ఇప్పటికీ మారుతుంది.

1990ల్లో దస్తూర్ ఇంకా మారింది. ఎవర్నైనా ఎన్నిసార్లైనా లోపలికి, బయటికి పంపొచ్చు. పైగా ఒలింపిక్స్ 1976 నుంచి గడ్డి వదిలి టర్ఫ్ మీదకు వెళ్ళిపోయాయి. పరుగు పెరిగింది, మోకాళ్ళ మీద భారం పెరిగింది. దీంతో బుజుర్గ్ ఖిలాడీకి ఒక తలుపు మూసుకుని ఇంకోటి తెరుచుకుంది. మొత్తం మ్యాచ్ పరుగెత్తలేకపోయినా పది నిమిషాల పనికి పనికొస్తాడు. కాకపోతే ఆ పది నిమిషాల్లో ఆయన పని ఏమిటో ముందే ఖాయం చేసుకుని ఉండాలి.

ఏథెన్స్‌లో జరగనిది ఇదే. ధన్‌రాజ్ అప్పటికి ఏడాది కిందటే కెప్టెన్‌గా కౌలాలంపూర్‌లో ఆసియా కప్ గెలిచి తెచ్చాడు. వయసు 36, ఉధమ్ సింగ్ టోక్యో వయసే. నాలుగో ఒలింపిక్స్. కానీ ఒలింపిక్స్ ముంగిట కోచ్‌నే మార్చేశారు. రాజిందర్ సింగ్ పోయి జర్మనీ నుంచి గెర్హార్డ్ రాక్ వచ్చాడు. కొత్త కోచ్‌కి ఈ పాత ఖిలాడీతో ఏం పని చేయించుకోవాలో తేలకముందే టోర్నమెంట్ వచ్చేసింది. జట్టు ఏడో స్థానంలో ముగించింది. చివరి మ్యాచ్‌లో ధన్‌రాజ్ మైదాన్‌లో గడిపింది కొద్ది నిమిషాలే. నాలుగు ఒలింపిక్స్, నాలుగు వరల్డ్ కప్‌లు ఆడిన మనిషికి అదా రుఖ్సత్? టీవీ ముందు మామూ లేచి వెళ్ళిపోయాడు. అబ్బా ఏమీ అనలేదు. గెలిచిన ముఖం కాదు అది.

ఇప్పుడు అబ్బా సంగతి చెప్తాను. ఆయన కాతిబ్. ఒక ఉర్దూ అఖ్బార్‌లో పాతికేళ్ళు ఖలమ్‌తో సుర్ఖీలు రాశాడు. కంప్యూటర్లు, ఇన్‌పేజ్ వచ్చాక కాతిబ్‌లందరితోపాటు ఇంటికొచ్చేశాడు. 2003 రంజాన్‌లో ఆ దఫ్తర్ నుంచి మళ్ళీ పిలుపొచ్చింది. ఈద్ నంబర్‌కి హాథ్ కీ కితాబత్ కావాలన్నారట. అబ్బా రాత్రంతా ఖలమ్‌లు చెక్కుకున్నాడు. పొద్దున్నే ఇత్తర్ రాసుకుని వెళ్ళాడు. ఇఫ్తార్ వేళకు తిరిగొచ్చాడు. అందరూ సలామ్ చేశారట, కుర్సీ వేశారట, ఫోటో తీశారట. కాగితం మాత్రం ఎవరూ ఇవ్వలేదు. మూడు రోజులు అలాగే వెళ్ళొచ్చి, నాలుగో రోజు మానేశాడు. మాకెవ్వరికీ ఏమీ చెప్పలేదు. ఆ కాగితం సంగతి చాలా ఏళ్ళ తర్వాత అమ్మీ నోటి వెంట విన్నాను. అప్పుడు తెలిసింది, 2004లో ఆయన ధన్‌రాజ్ గురించి మాత్రమే మాట్లాడలేదని.

సరే, పని ఖాయం చేస్తే చాలా? దానికీ పూరా గ్యారంటీ లేదు. సొహైల్ అబ్బాస్‌ని చూడండి. పెనాల్టీ కార్నర్ డ్రాగ్‌ఫ్లిక్‌లో ఉస్తాద్, 348 అంతర్జాతీయ గోల్స్. ఒకసారి వదిలేసి వెళ్ళిన ఆయన్ని పాకిస్తాన్ మళ్ళీ పిలుచుకుంది. పని సాఫ్‌గా ఉంది, కార్నర్ వస్తే కొట్టాలి. 2010 ఆసియా క్రీడల్లో సోనా వచ్చింది. 2012 లండన్‌లో ఆయన్నే కెప్టెన్ చేశారు, ఏడో స్థానం వచ్చింది. ఒక ఉస్తాద్ మొత్తం జట్టు కమ్జోరీని కప్పలేడు. వెనక కొత్త తరం తయారు కాకుండా మళ్ళీ మళ్ళీ ఆయన తలుపే తడితే, అది ఆయనకు ఇచ్చే ఇజ్జత్ కాదు, మన బద్ధకం.

మూడో 36 పారిస్‌లో చూశాం. శ్రీజేష్, గోల్‌కీపర్. 2024 ఒలింపిక్స్‌కి వెళ్ళకముందే ఇదే నా ఆఖరి టోర్నమెంట్ అని ఎలాన్ చేశాడు. పేరుకోసం బెంచీ మీద కాదు, గోల్ ముందు నిలబడ్డాడు. క్వార్టర్‌ఫైనల్లో అమిత్ రోహిదాస్‌కి రెడ్ కార్డ్ పడి పదిమందే మిగిలినా బ్రిటన్‌ని షూటౌట్ దాకా లాక్కెళ్ళి గెలిచారు. తర్వాత స్పెయిన్ మీద 2-1తో కాంస్యం. హాకీ ఇండియా ఆయన 16 నంబర్ జెర్సీని సీనియర్ జట్టులో ఇంకెవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టింది, జూనియర్ జట్టుకి ఆయన్ని కోచ్‌ని చేసింది. టోక్యో, ఏథెన్స్, పారిస్. వయసు ఒకటే, నసీబ్‌లు వేరు.

నా ఉద్దేశంలో బుజుర్గ్ ఖిలాడీని మళ్ళీ తీసుకోవాలా అన్నది రెండో సవాల్. మొదటి సవాల్, ఆయన చేతికి ఏం పని ఇస్తాం? పని ఉంటే 36 కాదు, 42 అయినా తీసుకోండి. పని లేకపోతే ఎంత పెద్ద పేరైనా పిలవకండి, పిలిచి అవమానించకండి. ఇంకో మాట, ఆఖరి తేదీ ఆయన నోటి నుంచి రానివ్వండి. ధ్యాన్‌చంద్, శ్రీజేష్ తామే చెప్పారు. ధన్‌రాజ్ తరఫున ఇంకొకరి వాచీ చెప్పింది.

ఇది హాకీ జట్టుకేనా? మన మసీదు కమిటీల్లో, దుకాణాల్లో, ఇళ్ళల్లో కుర్సీ వేసి, సలామ్ చేసి, కాగితం ఇవ్వని బుజుర్గులు ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టుకోండి. అబ్బాకి ఇప్పుడు చేయి కొంచెం వణుకుతుంది. ఆదివారాలు నా బిడ్డ ఆయన పక్కన తఖ్తీ పెట్టుకుని కూర్చుంటుంది. అలిఫ్ వంకర పోతే ఊరుకోడు, చెరిపించి మళ్ళీ రాయిస్తాడు. బిడ్డ విసుక్కుంటుంది. ఆయన మాత్రం ఆ రోజు పొద్దున్నే ఖలమ్‌లు చెక్కుకుని రెడీగా ఉంటాడు.