కోబాల్ట్ క్లోరైడ్

కోబాల్ట్ లోహపు లవణాల్లో సామాన్య జనానికి ఎక్కువగా కంటపడేది ఇదే, పేరు తెలియకపోయినా. కొత్త చెప్పుల పెట్టెలో, కెమెరా సంచిలో వచ్చే చిన్న పొట్లాల్లో నీలం గుళికలు కనిపించాయంటే వాటికి ఆ రంగు ఇచ్చింది చాలావరకు కోబాల్ట్ క్లోరైడే. ఒక కోబాల్ట్ పరమాణువుకు రెండు క్లోరిన్ పరమాణువులు చేరి ఏర్పడే ఈ లవణం బొత్తిగా నీరు లేనప్పుడు నీలంగా ఉంటుంది. రెండు నీటి అణువులు చేరితే ఊదా రంగుకు, ఆరు చేరితే ముదురు గులాబీకి మారుతుంది. ప్రయోగశాల సీసాల్లో దొరికేది సాధారణంగా ఈ గులాబీ రకం. ఇది నీళ్లలో చాలా తేలిగ్గా కరుగుతుంది. ఆల్కహాల్‌లోనూ కరుగుతుంది, కాకపోతే అక్కడ ద్రావణం నీలంగా ఉంటుంది. కోబాల్ట్ కార్బొనేట్‌నో హైడ్రాక్సైడ్‌నో హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కరిగించి, ద్రావణాన్ని ఇగిర్చి దీన్ని తయారు చేస్తారు.

రంగు మారడానికి కారణం కోబాల్ట్ అయాన్ చుట్టూ ఎవరు చేరారన్నదే. నీటి ద్రావణంలో ఆరు నీటి అణువులు దాన్ని అష్టముఖి ఆకారంలో చుట్టుకుంటాయి. అప్పుడు లేత గులాబీ. గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోస్తే నీటి అణువులు తప్పుకుని, నాలుగు క్లోరైడ్ అయాన్లు చతుర్ముఖి ఆకారంలో చేరతాయి; అప్పుడు చిక్కటి నీలం. నీళ్లు పోసి పలచన చేస్తే మళ్లీ గులాబీ. నీలం వైపు జరిగే చర్య ఉష్ణగ్రాహకం కాబట్టి, మధ్యస్థంగా ఊదాగా ఉన్న ద్రావణాన్ని వేడినీళ్లలో పెడితే నీలంగానూ, మంచుముక్కల్లో పెడితే గులాబీగానూ మారుతుంది. లీ షాట్లియర్ సూత్రాన్ని కంటికి చూపించడానికి ఇంతకన్నా సులువైన ప్రయోగం అరుదు. చతుర్ముఖి రూపం కాంతిని ఎన్నో రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుంది. అందుకే నీలం కొద్దిగా పుట్టినా గులాబీని పూర్తిగా కప్పేస్తుంది.

గాజుకు నీలం రంగునిచ్చేది బిస్మత్ కాదు, అంతవరకూ ఎవరూ గుర్తించని కోబాల్ట్ అనే లోహమని స్వీడన్ రసాయనవేత్త జార్జ్ బ్రాంట్ 1730ల్లో చెప్పాడు. దాదాపు అదే కాలంలో, 1737లో, పారిస్ సైన్సు అకాడమీకి జాన్ ఎలో ఒక కొత్త రహస్య సిరాను వివరించాడు. వేడి చేస్తే నీలంగా మారే గులాబీ లవణాన్ని ఒక జర్మన్ కళాకారుడు ఆయనకు చూపించాడట. ఎలో సాక్సనీలోని ష్నేబెర్గ్ గనుల ఖనిజాన్ని ఆమ్లంలో కరిగించి, మామూలు ఉప్పు కలిపి అలాంటి లవణాన్నే తయారు చేశాడు. జర్మనీలో అంతకు ముందే కొందరికి ఈ సంగతి తెలుసు. ఫ్రాన్సులో మాత్రం ఆయన పేరే నిలిచింది.

పలచటి ద్రావణంతో కాగితం మీద రాస్తే ఆరాక అక్షరాలు కనిపించవు. మంట దగ్గర పెడితే నీలంగా తేలతాయి, చల్లారి గాలిలోని తేమ పీల్చుకున్నాక మాయమవుతాయి. నిమ్మరసంతో రాసినది ఒకసారి మాడితే అంతే. దీన్ని మాత్రం ఎన్నిసార్లైనా తేల్చవచ్చు, దాచవచ్చు. నిజానికి గూఢచారులకు ఇది పనికిమాలిన సిరా, ఎందుకంటే కొవ్వొత్తి ఉన్న ప్రతివాడూ చదివేస్తాడు. ధనికుల ఇళ్లలో వినోదంగానే ఎక్కువ పేరు తెచ్చుకుంది. నిప్పుగూడు ముందుంచే తెరల మీద మోడువారిన చెట్లతో శీతాకాలపు దృశ్యం గీసి, ఆకుల చోట ఈ సిరా పూసేవారు. మంట రాజుకోగానే చెట్లు చిగురించేవి. ఆ ఆకులకు వచ్చే ఆకుపచ్చ ఛాయ ఖనిజంలో కలిసివచ్చిన నికెల్, ఇనుము లవణాల పుణ్యం. 19వ శతాబ్దంలో ఇదే కిటుకు వాతావరణ పువ్వులుగా అంగళ్లకెక్కింది. గుడ్డతో చేసిన పువ్వు నీలంగా ఉంటే పొడి వాతావరణం, గులాబీ అయితే వాన సూచన. వాటిని బారోమీటర్లని అమ్మేవారు గాని, అవి కొలిచేది గాలిలో తేమనే తప్ప పీడనాన్ని కాదు. కోస్తా ఊళ్లలో అలాంటి పువ్వు వానాకాలమంతా గులాబీగానే ఉండిపోవాల్సిందే.

ఆటబొమ్మ స్థాయి నుంచి ఈ లవణాన్ని సిద్ధాంతం దాకా తీసుకెళ్లింది దాని అమోనియా సమ్మేళనాలు. కోబాల్ట్ క్లోరైడ్‌కు అమోనియా కలిపి గాలితో ఆక్సీకరణం చేస్తే పసుపు, ఊదా, ఆకుపచ్చ రంగుల్లో రకరకాల స్ఫటికాలు వస్తాయి. పసుపు దానికి సిల్వర్ నైట్రేట్ కలిపితే మూడు క్లోరైడ్లూ అవక్షేపిస్తాయి, ఊదా దానిలో రెండే, ఆకుపచ్చ దానిలో ఒకటే. మిగతా క్లోరైడ్లు ఎక్కడికి పోయాయి? లోహానికి నేరుగా అంటిపెట్టుకున్నాయని 1893లో ఆల్ఫ్రెడ్ వెర్నర్ జవాబిచ్చాడు. ఆ సమన్వయ సిద్ధాంతానికి 1913లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇంటర్మీడియట్ రసాయనశాస్త్రంలో మన పిల్లలు ప్రాథమిక, ద్వితీయ వేలన్సీలని వల్లెవేసేది ఈ రంగుల స్ఫటికాల లెక్కే.

ఇంటర్ వృక్షశాస్త్రం ల్యాబులోనూ ఈ లవణం ఎదురవుతుంది. ఆకు ఏ వైపు నుంచి ఎక్కువ నీటిని ఆవిరిగా వదులుతుందో చూడటానికి జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు ఎర్నెస్ట్ స్టాల్ 1894లో ప్రవేశపెట్టిన పద్ధతి అది. వడపోత కాగితాన్ని లవణ ద్రావణంలో ముంచి, నీలం తేలేదాకా ఆరబెట్టి, ఆకుకు పైనా కిందా ఒక్కో ముక్క ఉంచి గాజు పలకలతో నొక్కి క్లిప్పు పెడతారు. కాగితాన్ని పట్టకారుతోనే పట్టుకోవాలి, లేకపోతే వేలి చెమటకే గులాబీ మచ్చ పడుతుంది. చాలా మొక్కల్లో పత్రరంధ్రాలు ఆకు అడుగునే ఎక్కువ కాబట్టి కింది కాగితం ముందు రంగు మారుతుంది.

ఇక సిలికా జెల్. తేమ పీల్చేది సిలికానే. కోబాల్ట్ క్లోరైడ్ పని అది నిండిపోయిందని చెప్పడం మాత్రమే. కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ పక్కన వేలాడే గాజు బ్రీథర్‌లో కనిపించే గుళికలు ఇవే. ట్రాన్స్‌ఫార్మర్ వేడెక్కి చల్లారినప్పుడల్లా లోపలికి పోయే గాలి వాటి గుండానే పోవాలి, నూనెలో తేమ చేరకుండా. గుళికలు నీలం నుంచి గులాబీకి తిరిగితే మార్చాలి, లేదా వేడిచేసి మళ్లీ నీలం చేసుకోవాలి.

ఈ లవణాన్ని మనుషుల నోట్లోకి పంపిన కథ ఇంత ముచ్చటైనది కాదు. కోబాల్ట్ ఎర్రరక్తకణాల ఉత్పత్తిని పెంచుతుందని తెలిశాక 1950ల్లో రక్తహీనతకు కోబాల్ట్ క్లోరైడ్ మాత్రలు ఇచ్చారు. కణాలకు ఆక్సిజన్ చాలడం లేదన్న భ్రమ కలిగించి ఎరిత్రోపోయెటిన్ హార్మోన్‌ను పెంచడం దాని పద్ధతి. రక్తం పెరిగింది. దాంతోపాటు థైరాయిడ్ వాపు, వాంతులు, వినికిడి లోపం కూడా వచ్చాయి. ఆ మందు వాడుకలోంచి పోయింది. 1960ల మధ్యలో బీరు నురగ నిలబడటానికి కెనడా, అమెరికా, బెల్జియంలలో కొన్ని కంపెనీలు కోబాల్ట్ లవణాలు కలిపాయి. గ్లాసులు కడిగే డిటర్జెంట్ల వల్ల నురగ చచ్చిపోతోందన్నది వాళ్ల బాధ. క్విబెక్ నగరంలో రోజూ విపరీతంగా బీరు తాగే 48 మందికి గుండె కండరం దెబ్బతింది. 20 మంది చనిపోయారు. బీరులో ఉన్న కోబాల్ట్ రక్తహీనత రోగులకు ఇచ్చిన మోతాదుకన్నా చాలా తక్కువ. మద్యానికీ ప్రోటీన్ లేని తిండికీ అది తోడవడమే ప్రాణం తీసిందని వైద్యులు భావించారు. విటమిన్ బీ12 మధ్యలో కోబాల్ట్ ఉన్న మాట నిజమే కానీ, మన శరీరం కోబాల్ట్ నుంచి ఆ విటమిన్‌ను తయారు చేసుకోలేదు. నెమరువేసే పశువుల కడుపులోని సూక్ష్మజీవులు చేయగలవు కాబట్టి, నేలలో కోబాల్ట్ లోపించిన చోట్ల వాటి దాణాలో ఈ లవణాలు కలుపుతారు. రక్తం పెంచే ఆ గుణం వల్లే ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ కోబాల్ట్‌ను 2015 నిషిద్ధ జాబితాలో పేరు పెట్టి చేర్చింది.

యూరోపియన్ యూనియన్ కోబాల్ట్ క్లోరైడ్‌ను పీల్చితే క్యాన్సర్ కలిగించగల పదార్థంగా, సంతానోత్పత్తికి హానికరమైనదిగా వర్గీకరించి, 2008లో తీవ్ర ఆందోళనకర పదార్థాల తొలి జాబితాలోకి ఎక్కించింది. నారింజ రంగు సిలికా జెల్ మార్కెట్లోకి రావడానికి ఇదే ప్రధాన కారణం. నీలం గుళికను ముట్టుకున్నంత మాత్రాన ఏమీ కాదు, మింగనివ్వకూడదు. అసలు ప్రమాదం పొడితోనే. తూచేటప్పుడు లేచే ధూళి ఉబ్బసం తెప్పించవచ్చు, చర్మానికి తగిలితే దద్దుర్లు రావచ్చు; ఒకసారి అలర్జీ మొదలైతే తర్వాత కొద్దిపాటికే తిరగబెడుతుంది. నైట్రైల్ చేతొడుగులు, కళ్లద్దాలు వేసుకుని ఫ్యూమ్ హుడ్‌లో తూచాలి. ఒలికిన పొడిని చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడవాలి. సీసా మూత గట్టిగా బిగించాలి, లేకపోతే నీలం లవణం గాలి తేమకే గులాబీ అయిపోతుంది. నీటి జీవులకు ఇది చాలా విషం కాబట్టి వాడిన ద్రావణాన్ని సింకులో పోయకూడదు. సోడియం కార్బొనేట్ కలిపితే కోబాల్ట్ కార్బొనేట్‌గా అడుగున చేరుతుంది. దాన్ని వడగట్టి ప్రమాదకర వ్యర్థంగా అప్పగించవచ్చు, లేదా హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కరిగించి మళ్లీ కోబాల్ట్ క్లోరైడ్‌గానే వాడుకోవచ్చు.