ఉప్పు చెప్పిన లెక్క

1947వ సంవత్సరమున దేశమునకు స్వాతంత్ర్యము సిద్ధించిన కొలది దినములకే ఢిల్లీ నగరమున మతకల్లోలములు చెలరేగెను. ప్రాణభయముతో వేలకొలది జనులు ఎఱ్ఱకోటలో తలదాచుకొనిరి. మఱికొందఱు హుమాయూన్ సమాధి ఆవరణమున ఆశ్రయము పొందిరి. వీరికి అన్నము పెట్టు బాధ్యత ప్రభుత్వముపై పడినది. బియ్యము, పప్పు, ఉప్పు మొదలగు సరకులను సమకూర్చుటకు గుత్తదారులు నియమింపబడిరి. వారు పంపిన బిల్లులు చూచిన అధికారులకు గుండె ఝల్లుమనెను.

కోటలో ఎందఱున్నారో ఎవరికిని నిశ్చయముగా తెలియదు. లోపలికి పోయి తలలు లెక్కించుట నాటి ఉద్రిక్త పరిస్థితులలో సాధ్యము కాలేదు. బిల్లులు ఉన్నవి ఉన్నట్లు చెల్లించినచో ఖజానాకు నష్టము. అనుమానముతో కోత పెట్టినచో ఏ పసిబిడ్డ పస్తుండవలసి వచ్చునో! ఈ సంకటమున ప్రభుత్వము సాంఖ్యక శాస్త్రజ్ఞుల సలహా కోరెను.

వారి చేతిలో ఉన్నవి ఆ బిల్లులు మాత్రమే. మనిషికి సగటున ఎంత బియ్యము, ఎంత పప్పు, ఎంత ఉప్పు కావలెనో కుటుంబ వ్యయముల పరిశీలనల వలన తెలిసిన విషయమే. కొన్న సరకును తలసరి వాడకముచే భాగించినచో జనసంఖ్య తేలవలెను. మూడు సరకులును తిన్నది ఒకే జనము గనుక మూడు లెక్కలును ఇంచుమించు ఒకే సంఖ్యను చూపవలెను. కాని అట్లు జరుగలేదు. బియ్యము చూపిన సంఖ్య అన్నింటికంటె పెద్దది. ఉప్పు చూపిన సంఖ్య అన్నింటికంటె చిన్నది.

మూడింటికి సగటు తీసి ఊరకుండుట సులభమైన మార్గము. కాని అట్లు చేసినచో అబద్ధములో పాలుపంచుకొన్నట్లే అయ్యెడిది. నాడు బియ్యము ఖరీదైన సరకు. దాని తూకము పెంచి వ్రాసినచో లాభము మెండు. ఉప్పు చవుక, దానిని పెంచి వ్రాసి గడించునది ఏమియు లేదు. కావున ఉప్పు మాటయే నమ్మదగినదని శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. హుమాయూన్ సమాధి శిబిరము చిన్నది. అచ్చటి జనసంఖ్య వేరొక మార్గమున సుమారుగా తెలిసియుండెను. అచ్చట ఉప్పు లెక్క సరిపోయెను. ఎఱ్ఱకోట విషయమున ప్రభుత్వము తగిన నిర్ణయములు చేయుటకు ఈ అంచనా తోడ్పడినది. ఈ ఉపాయము ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌తో చిరకాల సంబంధము గల జె. ఎం. సేన్‌గుప్తాది.

ఈ సంస్థను 1931 డిసెంబరు 17న కలకత్తాలో ప్రశాంత చంద్ర మహలనోబిస్ స్థాపించెను. పాత కాగితములను ప్రశ్నించి నేటి పనికి దారి తెలిసికొనుట ఆయనకు అంతకు ముందే అలవాటు. 1926లో ఒరిస్సాలో బ్రాహ్మణీ నదికి పెద్ద వరద వచ్చినప్పుడు, నది అడుగు మెరక వేసినదనియు, గట్లు ఎత్తు చేయవలెననియు ఇంజనీర్లు తలచిరి. మహలనోబిస్ సుమారు అరువది ఏండ్ల లెక్కలు పరిశీలించి, నది అడుగు మెరక వేయలేదనియు, ఎగువన ఎక్కువ వాన కురియుటయే కారణమనియు తేల్చెను. గట్లకు బదులు ఎగువ జలాశయములు కట్టుట మేలని సూచించెను. 1957లో ప్రారంభమైన మహానదిపై హీరాకుడ్ ఆనకట్ట వెనుక ఇట్టి ఆలోచనయే కలదు.

బెంగాలులో జనుము పంట అంచనాయును ఇట్టిదే. అన్నము ఉడికినదో లేదో తెలియుటకు ఒక మెతుకు పట్టి చూచిన చాలునని మన పెద్దలెఱుగుదురు. అయితే పొలములు మెతుకులవలె ఒకే తీరున ఉండవు గనుక, చూడవలసిన మడులను ఇష్టము వచ్చినట్లు గాక చీట్లు తీసినట్లు ఎన్నుకొనవలెను. 1941లో మడి మడికి తిరిగి తీసిన సంపూర్ణ గణన, వర్తకుల తుది లెక్కకంటె సుమారు ఆఱవ వంతు తక్కువ చూపెను. కొలది మడులు చూచి చేసిన నమూనా సర్వే దాదాపు సరిపోయెను.

ఈ సంస్థకే 1941లో ఒక తెలుగు యువకుడు చేరెను. ఆయన కల్యంపూడి రాధాకృష్ణరావు. 1920లో నేటి కర్ణాటకములోని హడగలిలో జన్మించి, వాల్తేరు ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితము చదివినవాడు. ఉప్పు లెక్క కథను తన ‘స్టాటిస్టిక్స్ అండ్ ట్రూత్’ గ్రంథమున చెప్పినది ఆయనయే.

పెక్కు కొలతలు గల వస్తువుల మధ్య తేడాను కొలుచుటకు మహలనోబిస్ 1936లో ఒక సూత్రము స్థిరపరచెను. దాని మర్మము లోకానుభవమునకు దగ్గఱనే ఉన్నది. కూడబలుకుకొని వచ్చిన ఇద్దఱు సాక్షులను ఇద్దఱుగా లెక్కింపరాదు. పొడవు పెరిగినచో బరువును పెరుగును గనుక, ఆ రెండును పూర్తిగా వేర్వేరు సాక్ష్యములు కావు. ఆ ఏడే ఇంగ్లండులో ఫిషర్ రెండు వర్గములను వేరుచేయు పద్ధతి కనుగొనెను. దానిని 1948లో అనేక వర్గములకు విస్తరింపజేసినది రావు. 2023లో 102 ఏండ్లు నిండిన వయసున ఆయన కన్నుమూసెను. ఆ పద్ధతులు నేటి యంత్రవిద్యా గ్రంథములలో ఇంకను పాఠములే.

1956లో ఆ కలకత్తా సంస్థలోనే హెచ్.ఇ.సి. 2ఎం అను కంప్యూటరు పనిచేయ మొదలిడెను. దేశమున మొదటి డిజిటల్ కంప్యూటరు అదియే. నేడు కోట్లకొలది పన్ను పత్రములు, బ్యాంకు పద్దులు, ఆసుపత్రి చీట్లు త్రవ్వి అందలి పోలికలు వెలికి తీయుటను డేటా మైనింగ్ అనుచున్నారు. పాత ఉదాహరణములనుండి యంత్రమే నేర్చుకొని కొత్తవానిపై అభిప్రాయము చెప్పుటకు మెషీన్ లెర్నింగ్ అని పేరు. ఏ బిల్లు అనుమానాస్పదమో, ఏ రోగికి త్వరగా వైద్యము కావలెనో అది క్షణములో సూచింపగలదు.

అయినను ఎఱ్ఱకోట నేర్పిన పాఠము మారలేదు. పెంచి వ్రాసిన బిల్లులనే సత్యమని చూపి నేర్పినచో యంత్రము ఆ పెంపునే న్యాయమని నేర్చుకొనును. ఏ అంకె ఎవరిచే, ఏ లాభమును ఆశించి వ్రాయబడినదో అంకె తనంతట చెప్పదు. 1947లో ఆ ప్రశ్న వేసినది బిల్లు చదివిన మనిషి. దస్త్రములో ప్రతి అంకెను సరిగా వ్రాయుటయు, సంతకము చేయుటకు ముందు ఆ ప్రశ్న వేయుటయు ఉద్యోగి ధర్మము. ఆ అంకెల వెనుక, నాడు కోటలో వలెనే, అన్నమునకై ఎదురుచూచు మనుష్యులుందురు.