సనదు, దర్వాజా, జరూరత్

మొన్న జుమ్మా నమాజ్ చదివి మసీదు మెట్లు దిగుతుంటే మా భాంజా నా చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్ళాడు. మా చెల్లెలి కొడుకు వాడు. విజయవాడలో హౌస్ సర్జన్ చేస్తున్నాడు. జి.కొండూరులో మా ఖాందాన్ మొత్తానికి వాడే మొదటి డాక్టరు.

"మామూ, ఒక మష్వరా కావాలి. నీట్ పీజీకి కూర్చోవాలా, ప్లాబ్ రాయాలా, యూఎస్ఎంఎల్ఈ రాయాలా? లండన్ వాళ్ళు దర్వాజా మూసేస్తున్నారంటున్నారు. అమెరికా వీసాకి లక్ష డాలర్లంటున్నారు. అమ్మీ ఏమో మామిడి తోట అమ్మేసి అయినా పంపిస్తానంటోంది. నేను లేటుగా పుట్టానా మామూ?"

నేను డాక్టర్ని కాను. పాత తారీఖ్ పుస్తకాలు తిరగేసే అలవాటున్నవాణ్ణి, అంతే. వాడికి అక్కడికక్కడ జవాబు చెప్పలేకపోయాను. ఇంటికొచ్చి నాకు తెలిసిన చరిత్రంతా ఒక వరసలో పెట్టుకుని చూశాను. ఇది వాడి కోసమే రాస్తున్నాను. వాడిలాంటి పిల్లలున్న ఇళ్ళకు కూడా పనికొస్తుందేమోనని ఇక్కడ పెడుతున్నాను.

ఇల్మ్ కోసం ముల్కు దాటడం మనకు కొత్త కాదు. దానికి 'రిహ్లా' అని పేరే ఉంది. బుఖారా నుంచి బగ్దాద్‌కి, బగ్దాద్ నుంచి దమిష్క్‌కి తాలిబ్‌లు నెలల తరబడి నడిచి వెళ్ళేవాళ్ళు. ఉస్తాద్ ముందు కూర్చుని చదివి, ఆయన సంతృప్తి పడితే 'ఇజాజత్' తీసుకునేవాళ్ళు. అది ఉస్తాద్ చేతి రాత. దాని విలువ ఆ ఉస్తాద్ పేరులో ఉండేది. ఇప్పటి సనదు అలాంటిది కాదు. దీన్నిచ్చేది యూనివర్సిటీ. చెల్లుతుందా లేదా అని ఫైసలా చేసేది మాత్రం ఇంకో ముల్కులో కూర్చున్న కౌన్సిల్. గొడవంతా అక్కడే మొదలైంది.

మా మెట్ట ప్రాంతానికి రెండు సర్కార్ల సరిహద్దు తగిలేది. జి.కొండూరు, నందిగామ, జగ్గయ్యపేట మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. జగ్గయ్యపేట దాటితే నిజాం రాజ్యం. కృష్ణా జిల్లా మధ్యలోనే పరిటాల చుట్టుపక్కల ఊళ్ళు కొన్ని నిజాం కింద ఉండేవి. కాబట్టి ఇటువైపు వాళ్ళకు పెద్ద చదువుకి రెండు దిక్కులు: మద్రాసు, హైదరాబాద్.

హైదరాబాద్ సంగతి మన పిల్లలకు ఎవరూ చెప్పరు. అక్కడ మెడికల్ స్కూల్ 1846లో, నాలుగో నిజాం నాసిరుద్దౌలా జమానాలో మొదలైంది. అందులో డాక్టరీ చదువు ఉర్దూలో సాగింది. చదివినవాళ్ళకిచ్చే సనదు పేరు 'హకీమ్'. క్లోరోఫామ్ ప్రాణానికి ఎంత ఖతర్నాకో తేల్చడానికి 1888లో, 1889లో రెండు కమిషన్లు హైదరాబాద్‌లోనే పనిచేశాయి. ఆ స్కూల్ పెద్ద ఎడ్వర్డ్ లారీ వాటిని నడిపాడు. రెండో కమిషన్‌కి 'లాన్సెట్' పత్రిక లండన్ నుంచి లాడర్ బ్రంటన్‌ని పంపింది, ఖర్చు నిజాం సర్కారు భరించింది. అంటే ఒకప్పుడు ఇల్మ్ కోసం లండన్ నుంచి కూడా చాదర్‌ఘాట్ వైపు వచ్చారన్నమాట.

ఆ స్కూల్లోనే 1889లో హకీమ్ సనదు తీసుకున్న పార్శీ అమ్మాయి రూపా బాయి ఫర్దూన్‌జీ. మత్తుమందు ఇవ్వడంలో ప్రపంచంలోనే తొలి మహిళా డాక్టర్లలో ఒకరిగా ఆమె పేరు చెప్తారు. ఇరవై ఏళ్ళు పనిచేశాక, 1909లో, ఆమె ఎడింబరో వెళ్ళింది. మత్తుమందుకి విడిగా కోర్సే లేని రోజులవి. ఆ పనికి ఆధారమైన ఫిజిక్స్, కెమిస్ట్రీ చదువుకుని వెనక్కి వచ్చింది, హైదరాబాద్ దవాఖానాలోనే కొనసాగింది. సరోజినీ నాయుడు గారి భర్త డాక్టర్ గోవిందరాజులు నాయుడు గారిదీ ఎడింబరో చదువే, హైదరాబాద్ కొలువే. ఆ తరానికి విలాయత్ ఒక మదరసా లాంటిది. చదువు ముగించి వతన్‌కి వచ్చేవాళ్ళు.

ఇక మద్రాసు దారి. ఇక్కడ చదువు ఇంగ్లీషులో, సనదు బ్రిటిష్ వాళ్ళ పద్ధతిలో. అయినా విలాయత్‌లో అది చెల్లాలంటే లండన్‌లోని జనరల్ మెడికల్ కౌన్సిల్ దయ ఉండాలి. మన కాలేజీల్లో ప్రసూతి శిక్షణ చాలడం లేదని ఆ జీఎంసీ 1920లలో పేచీ మొదలుపెట్టింది. చివరికి 1930లో హిందుస్తాన్ డిగ్రీలకు గుర్తింపు ఆపేసింది. దేశమంతటికీ ఒకే కొలబద్ద లేదన్నది వాళ్ళు చెప్పిన వజహ్. దానికి జవాబుగా 1933లో ఇండియన్ మెడికల్ కౌన్సిల్ చట్టం వచ్చింది. 1936లో మన డిగ్రీలకు మళ్ళీ గుర్తింపు దొరికింది. మన దేశంలో వైద్య విద్యకు కౌన్సిల్ పుట్టుక వెనక విలాయత్ సనదు గొడవ ఇంత ఉందని చాలామంది డాక్టర్లకే తెలీదు.

సనదు చెల్లక నలిగిన తెలుగువాళ్ళలో అందరికన్నా పెద్ద పేరు యల్లాప్రగడ సుబ్బారావు గారిది. 1895లో భీమవరంలో పుట్టారు. మద్రాసు మెడికల్ కాలేజీలో గాంధీ గారి పిలుపు విని ఖద్దరు కట్టారు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కి అది నచ్చలేదు. చేతికి ఎంబీబీఎస్ రాలేదు, దానికన్నా తక్కువదైన ఎల్ఎంఎస్ వచ్చింది. 1920ల మొదట్లో మామగారి సాయంతో, కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మ సంస్థ సాయంతో అమెరికా ఓడ ఎక్కారు. బోస్టన్‌లో ఆ ఎల్ఎంఎస్ చూసి డాక్టరుగా తీసుకోలేదు. ఆస్పత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాల పాత్రలు ఎత్తే పోర్టర్ పని చేశారు. పగలు హార్వర్డ్‌లో చదివారు.

అంతటి అవమానం పడిన మనిషి ఆ తర్వాత ఏం చేశారో చూడండి. ఫిస్క్‌తో కలిసి రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనుక్కున్నారు. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ సంగతులు బయటపెట్టారు. 1940లో లెడర్లీ కంపెనీకి మారాక ఆయన నడిపిన బృందం ఫోలిక్ యాసిడ్ తయారుచేసింది. కేన్సర్‌కి, కీళ్ళవాతానికి వాడే మెథోట్రెక్సేట్ అక్కడిదే. బోదకాలుకి మింగే డీఈసీ మాత్ర అక్కడిదే. 1948లో ఆయన ఇంతకాల్ అయ్యేనాటికి కూడా అమెరికా పౌరుడు కాదు. ఇవాళ ఏ పీహెచ్‌సీలోనైనా గర్భిణీ అమ్మాయి చేతిలో పెట్టే ఫోలిక్ యాసిడ్ బిళ్ళలో ఆ చెల్లని సనదు మనిషి మెహనత్ ఉంది.

ఆయన పోయిన ఏడాదే, 1948లో, బ్రిటన్‌లో నేషనల్ హెల్త్ సర్వీస్ మొదలైంది. అక్కణ్ణుంచి కథ తిరగబడింది. ఉచిత వైద్యం అన్నారు గానీ చాలినంత మంది జూనియర్ డాక్టర్లు లేరు. 1950లు, 60లలో మన పాత యూనివర్సిటీల డిగ్రీ ఉంటే పరీక్షే లేకుండా రిజిస్ట్రేషన్ ఇచ్చారు. 1962లో వలసల మీద ఆంక్షల చట్టం తెచ్చినప్పుడు కూడా డాక్టర్లకు వోచర్ల దారి తెరిచే ఉంచారు. అయితే ఎక్కడ చోటిచ్చారు? పెద్ద సర్జరీ పోస్టుల్లో కాదు. ముసలివాళ్ళ వార్డుల్లో, మానసిక ఆస్పత్రుల్లో, వేల్స్ బొగ్గుగని ఊళ్ళ క్లినిక్కుల్లో. తెల్ల డాక్టర్లు వెళ్ళడానికి ఇష్టపడని చోట్ల మనవాళ్ళు దవాఖానాలు నిలబెట్టారు. ముసలివాళ్ళ వైద్యం అక్కడ ఒక ఇజ్జత్ ఉన్న శాఖగా ఎదగడంలో దక్షిణాసియా డాక్టర్ల హిస్సా పెద్దది. 1960 నుంచి 63 దాకా ఆ దేశానికి ఆరోగ్య మంత్రి ఇనాక్ పావెల్. పర్దేశీల రాక మీద 1968లో విషం కక్కిన ఉపన్యాసమిచ్చిందీ ఆయనే.

అమెరికాదీ ఇదే కథ. 1946 చట్టం మన దేశానికిచ్చిన వలస కోటా ఏడాదికి నూరు మంది. 1965లో ఆ జాతి కోటాలు తీసేశారు. అదే ఏడాది వచ్చిన మెడికేర్‌తో ఆస్పత్రుల్లో రెసిడెంట్ల జరూరత్ పెరిగింది. 1958 నుంచే ఈసీఎఫ్ఎంజీ ఇంతిహాన్ ఉంది, అది పాసైతే చాలు. గుంటూరు, విశాఖ, హైదరాబాద్ కాలేజీల నుంచి బ్యాచ్‌లకు బ్యాచ్‌లు కదిలాయి. ఒక దశలో మన సర్కారు ఆ ఇంతిహాన్ ఇక్కడ జరగనివ్వకపోతే పిల్లలు సముద్రం దాటి కొలంబో, బ్యాంకాక్ వెళ్ళి రాసొచ్చారు.

తర్వాత దర్వాజాలు మూసుకున్నాయి. 1975లో జీఎంసీ హిందుస్తాన్ డిగ్రీలకు మళ్ళీ గుర్తింపు తీసేసింది. విదేశీ డాక్టర్లకు పరీక్ష పెట్టింది. ఇవాళ్టి ప్లాబ్ దాని సంతానమే. 1976లో అమెరికా తమకిక డాక్టర్ల కొరత లేదని చట్టంలోనే రాసుకుని ఇంకో కఠినమైన ఇంతిహాన్ తెచ్చింది. 1974లో డాక్టరైనవాడికీ 1977లో డాక్టరైనవాడికీ చదువులో తేడా లేదు. కాలేజీ అదే, పుస్తకాలవే. కిస్మత్‌లో మాత్రం జమీన్ ఆస్మాన్ ఫరక్.

2006 సంగతి చాలామందికి ఇంకా గుర్తుంది. ప్లాబ్ పాసై, అక్కడ పనిచేస్తూ ఉన్న మన జూనియర్ డాక్టర్లకు వర్క్ పర్మిట్ లేకుండా శిక్షణ తీసుకునే వెసులుబాటు ఆ ఏప్రిల్‌లో హఠాత్తుగా పోయింది. భారతీయ మూలాల డాక్టర్ల సంఘం బాపియో కోర్టుకెక్కింది. 2008లో హౌస్ ఆఫ్ లార్డ్స్ వాళ్ళ పక్షాన ఇన్సాఫ్ చేసింది. అప్పటికే ఎంతోమంది సూట్‌కేసు సర్దుకుని వచ్చేశారు. మళ్ళీ 2019లో డాక్టర్లందరినీ కొరత జాబితాలో పెట్టి దర్వాజా బార్లా తెరిచారు. 2025కి స్పెషాలిటీ శిక్షణలో సుమారు 13 వేల చోట్లకు 30 వేలకు పైగా అభ్యర్థులయ్యారు. అదే ఏడాది జూలైలో అక్కడి సర్కారు తమ దేశంలో చదివినవాళ్ళకే ముందు చోటన్నది. సెప్టెంబరులో అమెరికా కొత్త హెచ్-1బీ దరఖాస్తుకి లక్ష డాలర్ల రుసుము పెట్టింది.

ఇదంతా ఒక వరసలో చూస్తే నాకు కనిపించింది ఒకటే. దర్వాజా మన ఖాబిలియత్ చూసి తెరుచుకోలేదు, మన లోపం చూసి మూసుకోలేదు. వాళ్ళ జరూరత్ తెరిచింది, జరూరత్ తీరాక మూసింది. 1930లో ప్రసూతి శిక్షణ అన్నారు, 1975లో ప్రమాణాలన్నారు, ఇప్పుడు తమ పిల్లలన్నారు. వాళ్ళ పిల్లల గురించి వాళ్ళు ఫిక్ర్ చెయ్యడం తప్పని నేననను. కాని మన పిల్లవాడు దాన్ని తన మీద రాసిన నతీజాగా చదువుకోకూడదు.

ఇంకో దర్వాజా గురించీ చెప్పాలి. మా భాంజా డాక్టరవడానికి వాడి మెహనత్‌తో పాటు ఇంకోటి కారణం. 2007లో వచ్చిన బీసీ-ఇ కోటా, వెనకబడిన ముస్లిం తబఖాలకు నాలుగు శాతం. అంతకుముందు మా మండలంలో మనవాళ్ళు లారీ డ్రైవర్లు, మెకానిక్కులు, తోటల గుత్తేదార్లు. ఆ కోటా తెరుచుకుంది కూడా జరూరత్ వల్లే. కాకపోతే ఆ జరూరత్ మనది, అడిగింది మనం, కోర్టుల్లో ఏళ్ళ తరబడి కాపాడుకుంటున్నదీ మనం. పీజీ సీటుకైనా అడగాల్సిన చోటు ఇదే. విలాయత్ కౌన్సిల్ ముందు మనకు అర్జీ ఉంటుంది, హక్కు ఉండదు. ఇక్కడ హక్కుంది.

అలాగని వెళ్ళొద్దనను. రిహ్లా మన రివాజు. రూపా బాయి వెళ్ళకపోతే అంత నేర్చుకునేది కాదు. సుబ్బారావు గారు వెళ్ళకపోతే ప్రపంచానికే నష్టం.

నిన్న రాత్రి చెల్లెలి ఇంటికెళ్ళి చెప్పాను. "బేటా, నువ్వు లేటుగానూ పుట్టలేదు, ముందుగానూ పుట్టలేదు. మొదట నీట్ పీజీకి మనసుపెట్టి చదువు. ప్లాబ్ మొదటి భాగం హైదరాబాద్‌లోనే రాయొచ్చు, నీ స్టైపెండ్ దాచుకుని రాయి. వాళ్ళకి నీ జరూరత్ ఉన్న రోజున వెళ్ళు, నేర్చుకో. లేని రోజున సిగ్గుపడకు. తోట మాత్రం ముట్టుకోవద్దు. వాళ్ళ చట్టం ఒక్క ఏప్రిల్‌లో మారిపోతుంది, మన చెట్టు ఎదగడానికి పదేళ్ళు పడుతుంది."

చెల్లెలు ఏమీ అనలేదు. చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. వాడు మాత్రం, "హకీమ్ అనే సనదు నిజంగా ఇచ్చేవాళ్ళా మామూ?" అని అడిగాడు. ఇచ్చేవాళ్ళురా, మన జబాన్‌లోనే ఇచ్చేవాళ్ళు అన్నాను.

అల్లాహ్ ఈ పిల్లలందరి చేతుల్లో షిఫా పెట్టాలి. ఆమీన్.