రెండున్నర గంటల్లో ఖాళీ కావాల్సిన రేవు

విశాఖ రేవుకు ఖాళీ కావడం కొత్త కాదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు బాంబులు వేసినప్పుడు జనం మూటాముల్లె సర్దుకుని లోపలి పల్లెలకు పోయారు. 1997 సెప్టెంబర్ 14న హెచ్‌పీసీఎల్ రిఫైనరీ తగలబడినప్పుడు చుట్టుపక్కల పేటలు ఇళ్లకు తాళాలైనా వేయకుండా పరుగెత్తాయి. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుపాను వస్తోందని తెలిసి ఓడలను నడిసముద్రంలోకి పంపేశారు. ఈ మూడింటిలో రేవు నడిపేవాళ్లకు ఒంటబట్టింది చివరిదే. సునామీ ప్రణాళికలు కూడా ఆ తుపాను అచ్చులోనే పోసినవి. ఆ అచ్చు సునామీకి సగమే సరిపోతుంది.

తుపాను విద్య పాతది. 1864 అక్టోబర్‌లో కలకత్తాను, నవంబర్ మొదటి రోజున మచిలీపట్నాన్ని రెండు పెనుతుపానులు ముంచాయి. మరుసటి ఏడే కలకత్తా రేవులో తుపాను హెచ్చరికలు మొదలయ్యాయి. తర్వాత దేశంలోని రేవులన్నిటికీ నంబర్ల సూచికలు వచ్చాయి. ఒకటో నంబరు ఎగిరితే ఎక్కడో దూరాన వాయుగుండం ఉందని, పదో నంబరు ఎగిరితే ఇక తెప్ప కదలకూడదని జాలరిపేటలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆ నంబర్ల వెనక ఉన్న ధీమా ఒక్కటే: టైముంది. మూడు రోజులో, కనీసం ఒకటిన్నర రోజో.

రేవును కట్టిన తీరు కూడా గాలివానను దృష్టిలో పెట్టుకున్నదే. మేఘాద్రిగెడ్డ సముద్రంలో కలిసేచోట చిత్తడి నేలను తవ్వి, 1933లో తెరిచిన లోపలి హార్బర్‌కు యారాడ కొండే గోడ. ఇసుక మేట వేయకుండా ముఖద్వారం దగ్గర రెండు పాత ఓడలను ముంచి మరీ అడ్డుకట్ట కట్టారు. పెద్ద ఖనిజం ఓడల కోసం బయటి హార్బర్ 1970లలో వచ్చింది. లోపలి బెర్తు నుంచి ఓడ బయటపడాలంటే పైలట్ ఎక్కాలి, టగ్గులు లాగాలి, సన్నటి కాలువలో ఒకదాని తర్వాత ఒకటి కదలాలి. అల లోపలికి రాకుండా కాపాడే ఆ సన్నదనమే సునామీనాడు నీరు ఎగదన్నినా, వెనక్కి తీసినా వరద కాలువలా ఉరకడానికి కారణమవుతుంది.

సునామీ గురించి హెచ్చరిక అసలు లేకపోలేదు. 1881 డిసెంబర్ 31న నికోబార్ దగ్గర భూకంపం వస్తే బంగాళాఖాతం చుట్టూ ఉన్న ఎనిమిది పోటుమాపకాలు అలను నమోదు చేశాయి. ఎత్తు మీటరుకు లోపే. రెండేళ్లకు క్రకటోవా అగ్నిపర్వతం పేలినప్పుడూ మద్రాసు మాపకంలో గీతలు కదిలాయి. ఆ కాగితాలు సర్వే దొరల గ్రంథాల్లోకి వెళ్లాయి గానీ రేవు నిబంధనల్లోకి రాలేదు. మీటరు అలకు ఎవరు భయపడతారు!

2004 డిసెంబర్ 26 ఆదివారం ఉదయం ఆరున్నరకు సుమత్రా పక్కన నేల చీలింది. తొమ్మిది గంటల ప్రాంతంలో నీళ్లు విశాఖను తాకాయి. మధ్యలో రెండున్నర గంటలు. పసిఫిక్‌కు 1949 నుంచీ హవాయిలో హెచ్చరిక కేంద్రం ఉంది, హిందూ మహాసముద్రానికి లేదు. ఆ ఉదయం ఢిల్లీలో ఒక ఫ్యాక్స్ అప్పటికే పదవి దిగిన మంత్రి దగ్గరికి వెళ్లిందని పత్రికలు రాశాయి. నేల చీలిన గీత ఉత్తర దక్షిణంగా ఉండటంతో బలమంతా పడమర శ్రీలంక, నాగపట్నం వైపు పోయింది. వాయువ్యాన ఉన్న విశాఖ బతికిపోయింది. మన రాష్ట్రంలోనూ నూరుకు పైగా ప్రాణాలు పోయాయి.

ఆ రోజు ఓడలకు ఏమైందో చూడటానికి విశాఖ చాలదు, ఇంకా దూరం వెళ్లాలి. చెన్నై రేవులో ఓడలు మోకులు తెంచుకుని ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. ఒమాన్‌లోని సలాలాలో 285 మీటర్ల కంటైనర్ ఓడ కట్లు తెంచుకుని గంటల తరబడి కొట్టుకుపోయి ఇసుకదిబ్బ ఎక్కింది. రీయూనియన్ దీవిలో 196 మీటర్ల ఓడ మోకులన్నీ తెంచుకుంది. మళ్లీ కడితే కొన్ని గంటలకు మళ్లీ తెంచుకుంది. మడగాస్కర్ రేవు తొమాసినాలో ఒక సరుకు ఓడ తొలి అల వచ్చిన చాలా గంటలకు, అంతా సద్దుమణిగిందనుకున్నాక, విడిపోయింది. ఈ చివరి మూడుచోట్లా ఒడ్డున పెద్ద విధ్వంసం లేదు. రేవు తొట్టిలో నీరు తన లయలో ఊగుతూనే ఉంటుంది, ప్రమాదం అక్కడ. 'ఒక అల వచ్చిపోయింది, పని మొదలెట్టండి' అనడం రేవులో అన్నిటికన్నా చెడ్డ ఉత్తర్వు.

హైదరాబాద్‌లోని జాతీయ సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్‌లో సునామీ హెచ్చరిక కేంద్రం 2007 అక్టోబర్ 15న మొదలైంది. భూకంపం వచ్చిన పది నిమిషాల్లో తొలి కబురు. రెండు మీటర్లు దాటే అల అంచనా ఉంటే వార్నింగ్, అంటే జనాన్ని ఖాళీ చేయించాలి. అర మీటరు నుంచి రెండు మీటర్లయితే అలర్ట్, అంటే బీచ్ ఖాళీ చేయాలి. 2010లో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ మార్గదర్శకాలు వచ్చాయి. 2012 ఏప్రిల్ 11న 8.6 తీవ్రతతో సుమత్రా సముద్రం కంపించినప్పుడు కబురు ఎనిమిది నిమిషాల్లోనే వెలువడింది. ఆంధ్ర తీరానికి అలర్ట్ ఇచ్చారు. చెన్నై రేవు పని ఆపేసింది. నేల పైకి లేవకుండా పక్కకు జారడంతో పెద్ద అల పుట్టలేదు.

ఇప్పుడు రెండున్నర గంటల లెక్క వేసుకుందాం. అండమాన్ పక్కనుంచి వస్తే అంతకూడా ఉండదు. కబురు వచ్చి, సముద్రగర్భ మాపకాలు నిజమని చెప్పేసరికి ఇంకొంత పోతుంది. పైలట్లు ఎంతమంది, టగ్గులెన్ని, ఆ వ్యవధిలో ఎన్ని ఓడలు దాటగలవు? అన్నీ దాటలేవు. ముందు చమురు ఓడ గొట్టాలు ఊడదీసి బయటికి పంపాలా, ప్రయాణికుల ఓడనా? ఇంజన్ విప్పి మరమ్మతులో ఉన్న ఓడకు అదనపు మోకులు వేసి సిబ్బందిని దించేయాలి. ఆ వరుస ముందే కాగితం మీద ఉండాలి. అప్పటికప్పుడు ఫోన్లలో తేలేది కాదు.

ఒడ్డున ఉన్న మనుషుల సంగతి కొంత తేలిక. విశాఖ అదృష్టం మిట్ట నేల దగ్గరగా ఉండటం. పెద జాలరిపేట వాళ్లకు వాల్తేరు మిట్టలు, ఆ వెనక మద్దిలపాలెం హైవే నడిచి చేరే దూరమే. ఫిషింగ్ హార్బర్‌లో వేలంపాట వేళ గుమిగూడే జనం మాత్రం పాతపట్నం సందుల్లోంచి పైకి రావాలి.

అసలు చిక్కు బోటు దగ్గరుంది. లక్షల అప్పుతో కొన్న బోటును వదిలి సరంగు కొండెక్కడు. 2023 నవంబర్ 19 రాత్రి ఫిషింగ్ హార్బర్‌లో అగ్గి అంటుకుని పక్కపక్కనే కట్టిన ముప్పైకి పైగా బోట్లు కాలిపోయాయి. ఎంత ఇరుగ్గా కడతారో ఆ రాత్రి చూశాం. ఆ ఇరుకు డ్రిల్లుల్లో కనబడదు. హిందూ మహాసముద్ర దేశాలు కలిసి చేసే సునామీ డ్రిల్లులు 2011, 2014, 2016, 2018, 2020, 2023లలో జరిగాయి, ప్రతిసారీ సెప్టెంబర్‌లోనో అక్టోబర్‌లోనో. అప్పుడు బోట్లలో చాలావరకు వేటలో ఉంటాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఆ 61 రోజులూ హార్బర్ కిక్కిరిసి ఉంటుంది, ఇంజన్లు విప్పి ఉంటాయి, కళాసీలు సొంతూళ్లలో ఉంటారు. విశాఖ తన సొంత డ్రిల్లు ఒకటి మే నెలలో పెట్టుకుంటే, ఎన్ని బోట్లకు ఇంజన్ ఉందో, ఎన్నింటికి సరంగు ఉన్నాడో ఒక్క ఉదయంలో లెక్క తేలుతుంది.